సముద్ర సూక్ష్మజీవులు – నూతన సూక్ష్మజీవనాశకాల అన్వేషణ

బీదరుకు సముద్రతీరం లేదు. దక్కను పీఠభూమి మీద, ఎర్రని లాటరైటు నేలపై, సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న ఆ పట్టణానికి ఏ కడలి ఘోషా వినిపించదు. అయినా అక్కడి మట్టికీ సముద్రానికీ తెగని సంబంధం ఒకటి ఉంది. వానాకాలంలో బీదరు పొలాల నుండి కొట్టుకుపోయిన మట్టి మంజీరా నదిలో కలుస్తుంది. మంజీరా సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను దాటి, కందకుర్తి వద్ద గోదావరిలో సంగమిస్తుంది. గోదావరి కోనసీమ పాయల మీదుగా బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఆ ఒండ్రుతో పాటు, కంటికి కనిపించని ప్రయాణికులు కూడా సముద్రానికి చేరుతూనే ఉంటాయి. అవి నేలలోని సూక్ష్మజీవుల సిద్ధబీజాలు. సముద్రం అడుగున దొరికిన ఒక సూక్ష్మజీవి అక్కడ పుట్టి పెరిగినదా, నది వెంట కొట్టుకువచ్చి అక్కడ నిద్రిస్తున్నదా అన్న ప్రశ్న సముద్ర సూక్ష్మజీవశాస్త్రాన్ని దశాబ్దాల పాటు వేధించింది. నూతన ఔషధాల అన్వేషణకు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో వివరించడం, ఆ అన్వేషణలోని సూత్రాలను, విధానాలను, ప్రయోజనాలను క్రమంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నిర్వచనం. ఒక సూక్ష్మజీవి ఉత్పత్తి చేయగా, అత్యల్ప గాఢతలోనే మరొక సూక్ష్మజీవి వృద్ధిని అరికట్టే లేదా దానిని చంపే రసాయన పదార్థాన్ని సూక్ష్మజీవనాశకం అంటారు. వాడుకలో దీనినే యాంటీబయాటిక్ అంటున్నాము. ఈ అర్థంలో ఆ పదాన్ని 1940వ దశకంలో స్థిరపరచినవాడు సెల్మన్ వాక్స్‌మన్. నిర్వచనంలో మూడు నియమాలు ఇమిడి ఉన్నాయి: పదార్థం జీవజన్యమై ఉండాలి, సూక్ష్మజీవులపై పనిచేయాలి, అతి తక్కువ మోతాదులో పనిచేయాలి. మూడవ నియమాన్ని తేలికగా తీసుకోరాదు. ఈస్టు తయారుచేసే మద్యసారం కూడా బాక్టీరియాను చంపుతుంది. కాని అందుకు అది ద్రావణంలో అధిక పాళ్ళలో ఉండవలసి వస్తుంది కనుక దానిని ఈ కోవలో చేర్చరు. అలాగే సల్ఫా మందులు, సిప్రోఫ్లోక్సాసిన్ వంటివి రసాయనశాలలో పుట్టినవి. మొదటి నియమాన్ని బట్టి చూస్తే అవి సూక్ష్మజీవనాశకాలు కావు. అయినప్పటికీ వైద్యవ్యవహారంలో నేడు వాటినీ ఈ పేరుతోనే పిలుస్తున్నారు.

సూక్ష్మజీవనాశకాలను రెండు విధాలుగా వర్గీకరించవచ్చు. ఫలితాన్ని బట్టి చూస్తే, బాక్టీరియాను చంపేవి సంహారకాలు, వాటి వృద్ధిని నిలిపివేసి మిగిలిన పనిని శరీర రక్షణవ్యవస్థకు వదిలేవి స్తంభకాలు. లక్ష్యాన్ని బట్టి చూస్తే, పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ బాక్టీరియా కణకవచ నిర్మాణాన్ని భంగపరుస్తాయి. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మాంసకృత్తుల తయారీని అడ్డుకుంటాయి. రిఫామైసిన్ వర్గం ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపుతుంది. సల్ఫా మందులు బాక్టీరియా తన మనుగడకు తయారుచేసుకునే ఫోలిక్ ఆమ్లపు మార్గాన్ని మూసివేస్తాయి. వీటన్నిటి వెనుకా ఉన్న మూలసూత్రం ఒక్కటే. రోగికి హాని కలగకుండా రోగకారకానికి మాత్రమే హాని కలిగించాలి. దీనిని వరణాత్మక విషత్వం అనవచ్చు. మనిషి కణానికి కవచం లేదు, కనుక కవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ మన కణాల జోలికి రాదు. మనిషి ఫోలిక్ ఆమ్లాన్ని ఆకుకూరల నుండి, పప్పుల నుండి గ్రహిస్తాడు. అనేక బాక్టీరియాలు దానిని స్వయంగా తయారుచేసుకోక తప్పదు. ఆ వంటింటి పొయ్యిని ఆర్పివేస్తే ఆకలితో మాడేది బాక్టీరియా మాత్రమే.

సూక్ష్మజీవులు ఈ పదార్థాలను ఎందుకు తయారుచేస్తాయి? వృద్ధికి, విభజనకు తప్పనిసరి అయిన పదార్థాలను ప్రాథమిక జీవక్రియోత్పన్నాలు అంటారు. వృద్ధి మందగించిన దశలో, ఆహారం తరిగి పోటీ పెరిగినప్పుడు తయారయ్యే పదార్థాలను ద్వితీయ జీవక్రియోత్పన్నాలు అంటారు. సూక్ష్మజీవనాశకాలు ఈ రెండవ తెగకు చెందినవి. ఇవి లేకపోయినా జీవి బ్రతకగలదు. ఉంటే పొరుగువారితో పోటీపడగలదు, కొన్ని సందర్భాలలో సంకేతాలూ పంపగలదు. ఏ జీవి ఏ పదార్థాన్ని తయారుచేస్తుందో నిర్ణయించేది అది తరతరాలుగా నివసించిన పరిసరం. సముద్రాన్ని వెదకాలన్న ఆలోచనకు మూలం ఇక్కడే ఉంది.

ఈ అన్వేషణకు తొలి పాఠశాల నేల. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజులో పెన్సిలిన్‌ను గమనించిన తరువాత, వాక్స్‌మన్ పరిశోధనశాల మట్టిలోని ఆక్టినోమైసిటిస్ అనే బాక్టీరియా వర్గాన్ని పట్టుదలతో పరిశీలించింది. శిలీంధ్రాల వలె దారపు పోగులుగా పెరిగే ఈ బాక్టీరియాలలో స్ట్రెప్టోమైసిస్ అనే ప్రజాతి ప్రధానమైనది. తొలకరి జల్లు పడగానే నేల నుండి లేచే మట్టివాసనకు కారణమైన జియోస్మిన్ ఈ జీవులు తయారుచేసే పదార్థమే. 1943లో ఆల్బర్ట్ షాట్జ్ ఇటువంటి జీవి నుండే స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు; క్షయవ్యాధికి తొలి సమర్థ ఔషధం అదే.

ఈ చరిత్రలో ఒక అధ్యాయం తెలుగువారికి సన్నిహితమైనది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించాడు. ఆ సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నానా ప్రాంతాల నుండి తెప్పించిన మట్టి నమూనాలను పరీక్షిస్తూ, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారు రంగు పదార్థాన్ని స్రవించే స్ట్రెప్టోమైసిస్‌ను కనుగొన్నాడు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబానికి జ్యేష్ఠ సంతానం. 1948లో ఆ ఔషధం లోకానికి వెల్లడైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అదే సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడంలో కూడా సఫలమైంది. ఈ రెండవ విషయాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. సముద్రం అడుగున అది మళ్ళీ ఎదురవుతుంది.

1940 నుండి 1960 వరకు సాగిన కాలాన్ని సూక్ష్మజీవనాశకాల స్వర్ణయుగం అంటారు. ఆ తరువాత నేల నుండి వచ్చే కొత్తదనం తగ్గింది. వెయ్యి మట్టి నమూనాలను పరీక్షించినా, తెలిసిన స్ట్రెప్టోమైసిన్, తెలిసిన టెట్రాసైక్లిన్ పదే పదే దొరకసాగాయి. ఇంతలో బాక్టీరియాలు పాత మందులను తట్టుకోవడం నేర్చుకున్నాయి. 2019వ సంవత్సరంలో మందులకు లొంగని బాక్టీరియా అంటువ్యాధుల వలన నేరుగా సంభవించిన మరణాలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేలని అంచనా. కొత్త ఔషధాలు కావాలి. పాత పద్ధతిలో పాత చోటును తవ్వితే అవి దొరకవు. అందుచేత శాస్త్రజ్ఞుల దృష్టి సముద్రం వైపు మళ్ళింది.

చోటు మారితే పదార్థం ఎందుకు మారుతుందో బీదరు వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు. బిద్రీ కళాకారుడు జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద వెండి తీగను పొదిగిన తరువాత, బీదరు కోట లోపలి పాత కట్టడాల నుండి తెచ్చిన మట్టిని నాలుకపై వేసి రుచి చూసి ఎంచుకుంటాడు. ఆ మట్టిని నవాసాగరంతో కలిపి నీటిలో కాచి, పాత్రను అందులో ముంచితే లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ నిలుస్తుంది. పక్క పొలంలోని మట్టిని ఆయన వాడడు. ఏళ్ళ తరబడి ఎండావానలకు దూరంగా నిలిచిన మట్టిలోని లవణాలే ఆ నలుపును ఇస్తాయని ఆయన అనుభవం. పరిసరపు రసాయనం పదార్థపు గుణాన్ని నిర్ణయిస్తుందన్న ఈ సూత్రం సూక్ష్మజీవులకూ వర్తిస్తుంది.

భూతలంలో సుమారు 71 శాతాన్ని ఆక్రమించిన సముద్రం, నేలకు భిన్నమైన నివాసం. లీటరు సముద్రజలంలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. లోతున వెలుగు ఉండదు, చలి ఉంటుంది, ఆహారం కొరత. ఉపరితలపు నీటిలో మిల్లీలీటరుకు సుమారు పది లక్షల బాక్టీరియా నివసిస్తాయి. అడుగున ఉన్న ఒండ్రులో ఆ సాంద్రత అనేక రెట్లు అధికం. సముద్రజలంలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమిన్ కూడా ఉంది. 1966లో పాల్ బర్క్‌హోల్డర్ బృందం ఒక సముద్ర బాక్టీరియా నుండి వేరుచేసిన పెంటాబ్రోమోసూడిలిన్ అనే పదార్థపు బరువులో 70 శాతానికి పైగా బ్రోమినే. ఒక్కొక్క అణువులో ఐదు బ్రోమిన్ పరమాణువులు ఉంటాయి. కడలి తనలో ఉన్న ధాతువునే ఆ చిన్న జీవి చేతికి ఆయుధంగా అందించింది.

సముద్ర సూక్ష్మజీవులను నివాసాన్ని బట్టి మూడు తెగలుగా విభజించవచ్చు: నీటిలో తేలియాడేవి, అడుగు ఒండ్రులో నివసించేవి, స్పంజికలు, పగడాలు, సముద్రపు నాచు వంటి జీవులను ఆశ్రయించి ఉండేవి. ఔషధాన్వేషకునికి ఇంతకంటే ముఖ్యమైనది లవణాపేక్షను బట్టి చేసే వర్గీకరణ. సముద్రజలం లేనిదే పెరగనివి లవణాశ్రితాలు. ఉప్పును భరించగలిగినా అది లేకుండా కూడా పెరిగేవి లవణసహనాలు. రెండవ తెగవాటిలో చాలావరకు నేల నుండి వచ్చిన అతిథులు కావచ్చు. అతిథి నుండి లభించేది బహుశా నేల ఇదివరకే ఇచ్చిన పదార్థం. కొత్తదనపు ఆశ స్థానికుని మీదనే ఎక్కువ.

ఈ సందేహాన్ని నివృత్తి చేయడానికి చాలా కాలం పట్టింది. గోదావరి వంటి నదులు ఏటా మోసుకుపోయే ఒండ్రులో స్ట్రెప్టోమైసిస్ సిద్ధబీజాలు పుష్కలం. అవి ఏళ్ళ తరబడి ప్రాణం నిలుపుకోగలవు. కనుక తీరం దగ్గరి బురదలో స్ట్రెప్టోమైసిస్ దొరికినంత మాత్రాన అది సముద్రవాసి అని చెప్పలేము. 1984లో హెల్మ్కే, వైలాండ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు రోడోకాకస్ మారినోనాసెన్స్ అనే సముద్ర ఆక్టినోమైసిటిస్ జాతిని వర్ణించారు. 1991లో పాల్ జెన్సెన్, విలియం ఫెనికల్ తమ సహచరులతో కలిసి బహామా దీవుల ఒండ్రులో, సముద్రజలం లేకపోతే పెరగని ఆక్టినోమైసిటిస్‌ను కనుగొన్నారు. 2005లో దానికి శాస్త్రోక్తంగా సాలినిస్పోరా అని పేరు పెట్టారు. 2007లో ఈ ప్రజాతికి చెందిన ఒక జాతి జన్యుపటం పూర్తిగా వెలువడగా, అందులో పదింట ఒక వంతు ద్వితీయ జీవక్రియోత్పన్నాల తయారీకే కేటాయించి ఉందని తేలింది. స్థానికులు ఉన్నారు, వారికి సొంత విద్యలూ ఉన్నాయని రుజువైంది.

సముద్రం ఇచ్చిన తొలి గొప్ప వరం ఈ వర్గీకరణకు కొంచెం పక్కగా నిలుస్తుంది. 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాల్యరి నగరపు మురుగునీరు సముద్రంలో కలిసే చోట జిసెప్పే బ్రోట్సు అనే వైద్యాచార్యుడు నీటి నమూనా సేకరించాడు. మురుగు కలుస్తున్నా, ఆ నీటిలో రోగకారక బాక్టీరియా ఎందుకు నశిస్తున్నదన్నది ఆయన ప్రశ్న. ఆ నీటిలో దొరికిన ఒక శిలీంధ్రం టైఫాయిడు బాక్టీరియాను అరికట్టింది. 1948లో ఆయన ఆ సంగతి ప్రచురించి, శిలీంధ్రాన్ని ఆక్స్‌ఫర్డుకు పంపాడు. అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ దాని నుండి సెఫలోస్పోరిన్-సి ని వేరుచేశారు. నేడు ప్రతి ఆసుపత్రిలో వాడే సెఫలోస్పోరిన్ల వంశవృక్షానికి మూలం అదే. ఆ శిలీంధ్రం కడలిదా, మురుగుదా అని వాదించవచ్చు. కాని బ్రోట్సు వేసిన ప్రశ్న మాత్రం పూర్తిగా కొత్తది.

రెండవ ఉదాహరణ 2004 నాటిది. జపాను సముద్రంలో 289 మీటర్ల లోతున సేకరించిన ఒండ్రులో వెర్రుకోసిస్పోరా ప్రజాతికి చెందిన ఆక్టినోమైసిటిస్ ఒకటి లభించింది. పరిశోధకులు దాని సారం బాక్టీరియాను చంపుతుందా అని అడిగి ఊరుకోలేదు. ఒక పళ్ళెంలో బాక్టీరియాను పెంచే మామూలు యానకాన్ని, మరొక పళ్ళెంలో పారా-అమినో బెంజోయిక్ ఆమ్లాన్ని కలిపిన యానకాన్ని ఉంచి, మొదటి దానిలో బాక్టీరియాను అరికట్టి, రెండవ దానిలో అరికట్టలేకపోయే సారం కోసం వెదికారు. అటువంటి సారం ఆ ఆమ్లం తయారీనే అడ్డుకుంటున్నదని అర్థం. ఫోలిక్ ఆమ్లానికి అవసరమైన ముడిసరుకు ఆ ఆమ్లమే. ఈ విధంగా లభించిన ఎబిస్సోమైసిన్-సి, సుబ్బారావు బృందం ఏ విటమినును కృత్రిమంగా నిర్మించిందో, ఆ విటమినుకు బాక్టీరియా కణంలో దారి మూసివేస్తుంది. మందులకు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద కూడా అది ప్రభావం చూపింది. కొత్త చోటుతో పాటు కొత్త ప్రశ్న కూడా తోడైతేనే కొత్త పదార్థం దొరుకుతుందని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.

ఇక విధానం. మన తీరంలో ఈ పనికి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఔషధశాస్త్ర విభాగం ముందునుండీ పూనుకొన్నది. అక్కడి ఆచార్యుడు పి. ఎల్లయ్య, తన సహచరునితో కలిసి విశాఖ సమీపపు సముద్ర ఒండ్రు నుండి ఆక్టినోమైసిటిస్‌ను వేరుచేసిన వివరాలను 1987లో ప్రచురించాడు. తరువాతి కాలంలో ఆయన బృందం కాకినాడ తీరపు బంగాళాఖాతాన్ని కూడా పరిశీలించింది. ఇటువంటి పరిశోధనలలో అనుసరించే క్రమం ఇది. పడవ నుండి దించిన సాధనంతో అడుగు ఒండ్రును తీసి, శుద్ధిచేసిన సీసాలో భద్రపరుస్తారు. ఆరబెట్టి, స్వల్పంగా వేడిచేస్తారు. సిద్ధబీజాలు వేడిని ఓర్చుకుంటాయి, త్వరగా పెరిగే సాధారణ బాక్టీరియా చాలావరకు చస్తాయి. ఒక గ్రాము ఒండ్రును సముద్రజలంలో కలిపి, పదేసి రెట్లుగా పలుచన చేసి, పిండిపదార్థం, కేసిన్, సముద్రజలం కలిసిన అగారు పళ్ళెంలో పరుస్తారు. బూజు పట్టకుండా శిలీంధ్రనాశకాన్ని కలుపుతారు. ఆపైన కావలసినది ఓర్పు: రెండు వారాలు, మూడు వారాలు, కొన్నిటికి అంతకు మించి.

అంతకాలం తరువాత పళ్ళెం తెరిస్తే, ఆక్టినోమైసిటిస్‌ను కన్నే గుర్తుపడుతుంది. మామూలు బాక్టీరియా సముదాయం తడిగా, జిగటగా మెరుస్తుంది. ఇది పొడిగా, సుద్ద చల్లినట్లు, బూడిద, తెలుపు, లేత గులాబి రంగులలో ఉంటుంది. తీగతో ఎత్తబోతే జారిరాదు; అగారులోకి వేళ్ళూనిన గడ్డిదుబ్బులా పట్టుకుంటుంది. అలా వేరుచేసిన జీవిని పళ్ళెం మధ్య ఒక గీతగా పెంచి, పరీక్షా బాక్టీరియాలను దానికి అడ్డంగా గీస్తారు. మధ్యగీత దగ్గరకు రాలేక ఆగిపోయిన బాక్టీరియా, అక్కడ ఏదో పదార్థం ఉందని చెబుతుంది. తరువాత ద్రవ యానకంలో జీవిని పెంచి, ద్రావణితో సారాన్ని తీసి, అగారులో తవ్విన గుంటలో పోస్తే, దాని చుట్టూ బాక్టీరియా పెరగని తేటవలయం ఏర్పడుతుంది. దానిని నిరోధమండలం అంటారు. దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. బాక్టీరియాను ఆపగలిగిన అతి తక్కువ పరిమాణాన్ని కనిష్ఠ నిరోధ గాఢత అంటారు.

వలయం కనిపించగానే ఔషధం దొరికిందని భావించరాదు. ఆ పదార్థం ఇదివరకు తెలిసినదేమో మొదట తేల్చుకోవాలి. దీనిని పునరావృత్తి నివారణ అంటారు. అణుభారాన్ని, వర్ణపటాన్ని తెలిసిన పదార్థాల జాబితాతో సరిపోల్చి, పాతదైతే అక్కడే వదిలేస్తారు. కొత్తదైతే శుద్ధి, నిర్మాణ నిర్ధారణ, మానవకణాలపై విషపరీక్ష, జంతుపరీక్షలు, ఆపైన మనుషులపై దశలవారీ పరీక్షలు జరగాలి. సముద్ర ఆక్టినోమైసిటిస్ నుండి వచ్చిన సూక్ష్మజీవనాశకం ఏదీ ఈ మెట్లన్నీ ఎక్కి ఇంకా వైద్యుని చేతికి రాలేదు. సాలినిస్పోరా ఇచ్చిన సాలినోస్పోరమైడ్-ఎ మనుషులపై పరీక్షలకు చేరింది గాని, అది క్యాన్సర్ కోసం. కొద్దిపాటి ఒండ్రు నుండి మిల్లీగ్రాముల పదార్థాన్ని తీయడం ఒక ఎత్తు, పెద్ద తొట్లలో ఉప్పునీటితో అదే జీవిని పెంచి కిలోల కొద్దీ తీయడం మరొక ఎత్తు. ఉప్పునీరు ఉక్కుతొట్లను తినివేస్తుంది. ప్రయోగశాలలో పెరిగేవి మొత్తం సూక్ష్మజీవులలో అత్యల్ప భాగం మాత్రమే కావడం మరొక అవరోధం.

ఈ శ్రమ ఫలితాన్ని నిలుపుకునే బాధ్యత తీరవాసులకే పరిమితం కాదు. బీదరులో కర్ణాటక పశువైద్య, పశు, మత్స్యశాస్త్ర విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో తొలి మత్స్యకళాశాలగా 1969లో మంగళూరులో వెలసిన కళాశాల నేడు ఈ విశ్వవిద్యాలయానికి అనుబంధం. అంటే కడలికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పట్టణం నుండి కడలి విద్య నడుస్తున్నది. పశువైద్యానికీ ఈ విషయానికీ దగ్గరి సంబంధం ఉంది. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోళ్ళు త్వరగా బరువెక్కుతాయని 1950 ప్రాంతంలో లెడర్లే శాస్త్రజ్ఞులే గమనించారు. జబ్బు లేని పశువుకు, కోడికి చిన్న మోతాదులలో మందు పెట్టే అలవాటు అక్కడి నుండి లోకమంతటా వ్యాపించి, బాక్టీరియాలకు మందును తట్టుకునే శిక్షణ ఇచ్చింది. మనుషులకు కడపటి ఆశ్రయమైన కొలిస్టిన్‌ను ఆహార పశువులకు వాడరాదని భారత ప్రభుత్వం 2019లో నిషేధించడానికి కారణం ఇదే.

మందుల తయారీ వలన కూడా ప్రమాదం ఉంది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండే గాఢత కంటే అది అధికం. ఆనాడు ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరాలోకే చేరేది. అనగా బీదరు మట్టి ప్రయాణించే దారిలోనే, దిగువన, మందుకు లొంగని బాక్టీరియాను పెంచే నీరు వచ్చి కలిసింది.

వ్యాసారంభంలో మంజీరా సముద్రానికి మోసుకుపోయేది మట్టిని, సిద్ధబీజాలను మాత్రమే అనుకున్నాము. కాకినాడ తీరాన పడవ నుండి ఒండ్రు తీసే పరిశోధకుని సీసాలోకి నేడు ఆ మట్టితో పాటు మన వాడుక చరిత్ర కూడా చేరుతుంది. ఆ సీసాలో ఒక కొత్త ఔషధాన్ని తయారుచేసే జీవి ఉండవచ్చు. ఆ ఔషధం పుట్టకముందే దానిని తట్టుకునే నేర్పు సంపాదించిన జీవి కూడా ఉండవచ్చు. వీటిలో మొదటి దానిని కనుగొనడం శాస్త్రజ్ఞుని పని. రెండవది పెరగకుండా చూడడం ఎగువనున్న వారి పని: వైద్యుడు చెప్పినన్ని రోజులూ మందు పూర్తిగా వాడే రోగి, జబ్బు నిర్ధారణ కానిదే పశువుకు సూది వేయని పశువైద్యుడు, వ్యర్థజలాన్ని శుద్ధిచేయకుండా వాగులోకి వదలని కర్మాగారం. బంగాళాఖాతపు ఒండ్రులో దొరకబోయే ఔషధపు ఆయుర్దాయం కొంతవరకు బీదరులోని ఒక గొడ్లచావడిలో నిర్ణయమవుతుంది.